తొమ్మిది స్ట్రిప్పుల్లో రెండు

ప్రశ్న: మా నాన్నగారికి 52 ఏళ్ళు. నరసరావుపేట దగ్గర పల్లెలో కిరాణా కొట్టు. కడుపులో ఎడమవైపు బరువుగా ఉందని అక్టోబర్ మొదట్లో చూపిస్తే, రక్తపరీక్షలు చేసి క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, అంటే ఒకరకం రక్త క్యాన్సర్ అన్నారు. రోజుకొక ఇమాటినిబ్ 400 మాత్ర రాశారు. ఫైల్లో ‘సోకాల్ స్కోర్ 1.33, హై రిస్క్’ అని ఉంది. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య కంప్యూటర్‌లో లెక్క వేస్తే 1.76 వచ్చింది. అప్పటినుంచి వాడికి నిద్ర లేదు, మాకూ లేదు. మూడు నెలలకు చేసిన పరీక్షలో బీసీఆర్-ఏబీఎల్ (జబ్బు ఎంత మిగిలిందో చెప్పే కొలత) 14 శాతం ఉంది. పది లోపు రావాలట. 17పీ పరీక్ష ఎందుకు చేయించలేదని అన్నయ్య అడుగుతున్నాడు. నాన్నకి షుగర్ కూడా ఉంది. పొద్దున్నే అయిదింటికి పరగడుపున మాత్ర వేసుకుని కొట్టు తెరుస్తారు, వాంతులు అవుతున్నాయి. మొన్న కొట్టు సర్దుతుంటే గల్లాపెట్టె వెనక ముట్టుకోని స్ట్రిప్పులు రెండు అమ్మకి దొరికాయి. అడిగితే కార్తీక సోమవారాలు వేసుకోలేదన్నారు. అది సరే, ఈ స్కోర్ల ప్రకారం నాన్న ఎన్నాళ్ళుంటారో దాచకుండా చెప్పండి.
— ఒక కూతురు, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు ‘అది సరే’ అని దాటేసిన చోటే నేను ఆగిపోయాను. ఉత్తరమంతా స్కోర్ల గురించి రాసి, అసలు సంగతి గల్లాపెట్టె వెనక వదిలేశారు.

ముందు ఆ లెక్క చూద్దాం. మూడు నెలలంటే తొంభై రోజులు, తొంభై మాత్రలు, పది మాత్రల స్ట్రిప్పులు తొమ్మిది. రెండు అలాగే ఉన్నాయంటే ఇరవై మాత్రలు నాగా పడ్డాయి. కార్తీకంలో సోమవారాలు నాలుగో అయిదో. మిగతా పదిహేను ఏ వారాల ఖాతాలోవి? వాంతుల ఖాతాలోవి అయి ఉంటాయని నా అనుమానం. ఏ ఖాతాలో వేసినా ఆయన మింగింది తొంభైకి డెబ్భై. అంటే 78 శాతం.

ఈ శాతం ఎందుకు లెక్కగట్టానో చెప్తాను. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రి డాక్టర్లు ఇదే జబ్బుకి ఇదే మందు వాడుతున్న 87 మందిని తీసుకుని, మాత్రల సీసా మూతలో చిన్న చిప్ పెట్టారు. మూత తీసినప్పుడల్లా అందులో నమోదవుతుంది. మూడు నెలలు అలా చూశారు. ఫలితాలు 2010లో అచ్చయ్యాయి. నూటికి తొంభైకి పైగా మాత్రలు వేసుకున్నవాళ్ళు ఆరేళ్ళలో మంచి స్థాయికి, అంటే బీసీఆర్-ఏబీఎల్ 0.1 శాతం లోపుకి చేరే అవకాశం 94.5 శాతం. తొంభై, అంతకు తక్కువ వేసుకున్నవాళ్ళకు 28.4 శాతం. ఎనభై, అంతకు తక్కువ వేసుకున్నవాళ్ళలో ఆ స్థాయికి ఒక్కరూ రాలేదు. తొంభై శాతమంటే నెలకి మూడు మాత్రలు మాత్రమే తప్పడం. నెలకి మూడు తప్పితే ఏమవుతుందిలే అని మనలో ఎవరమైనా అనుకుంటాం. మీ నాన్నగారికి నెలకి దాదాపు ఏడు తప్పాయి.

నొప్పి మాత్ర ఒకపూట మర్చిపోతే నొప్పి తిరిగొస్తుంది, మనిషికి తెలుస్తుంది. ఈ జబ్బులో అలా ఏమీ తెలియదు. మాత్ర మానేసినా ఒళ్ళు తేలిగ్గానే ఉంటుంది, పైగా వాంతులు ఆగి ఇంకా హాయిగా ఉంటుంది. అదే దీంతో వచ్చిన చిక్కు. కాబట్టి ఆయన్ని తిట్టకండి. తిడితే ఈసారి స్ట్రిప్పులు గల్లాపెట్టె వెనక కాదు, మీకు దొరకని చోట ఉంటాయి.

ఇప్పుడు మీరు అడిగిన స్కోర్ల సంగతి.

మనలో తొమ్మిదో నంబరు క్రోమోజోమూ ఇరవై రెండో నంబరు క్రోమోజోమూ ఉంటాయి. ఈ జబ్బు మొదలైన కణంలో ఆ రెండూ చెరో ముక్క మార్చుకుంటాయి. అలా పొట్టిగా మిగిలిన ఇరవై రెండోదాన్ని 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో కనిపెట్టారు, అందుకే దానికి ఆ ఊరి పేరు. ముక్కలు కలిసిన చోట పుట్టిన జన్యువే బీసీఆర్-ఏబీఎల్. అది తయారుచేసే ప్రొటీన్ ‘పెరుగు, పెరుగు’ అని తెల్ల కణాల్ని ఆగకుండా తరుముతుంది. ఇమాటినిబ్ దాని నోరు నొక్కుతుంది, అంతే. నొక్కి ఉంచినంతసేపే ఊరుకుంటుంది. 2001లో ఈ మందు వచ్చేదాకా ఈ జబ్బు పేరు చెప్పాలంటే డాక్టర్లకే నోరు వచ్చేది కాదు.

సోకాల్ స్కోర్ 1984 నాటిది. ఈ మందు పుట్టని రోజుల్లో, కీమో మాత్రలతో నెట్టుకొచ్చిన రోగుల వివరాలతో తయారైంది. అందులో నాలుగే అంశాలు: వయసు, స్ప్లీన్ ఎంత పెరిగింది, ప్లేట్‌లెట్లు ఎన్ని, రక్తంలో బ్లాస్టులు, అంటే ఎదగని పసికణాలు, ఎంత శాతం. నాలుగూ మందు మొదలుపెట్టకముందువే అయి ఉండాలి. 0.8 లోపు అయితే లో, 1.2 దాటితే హై. మీరు పంపిన కాగితాల్లో వయసు 52, ప్లేట్‌లెట్లు నాలుగున్నర లక్షలు, బ్లాస్టులు 2 శాతం. ఇవేవీ భయపెట్టేవి కావు. స్కోర్‌ని పైకి లాగింది స్ప్లీన్. మన పల్లెల్లో ‘కడుపులో బల్ల’ అంటారే, అదే.

మీ అన్నయ్య లెక్క తప్పిందీ అక్కడే. సోకాల్‌లో వెయ్యాల్సింది డాక్టర్ చేత్తో నొక్కి చూసిన కొలత: ఎడమ పక్కటెముకల అంచు నుంచి కిందికి ఎన్ని సెంటీమీటర్లు తగులుతోందో అది. ఫైల్లో మొదటిరోజు పేజీలో పెన్నుతో ‘14’ అని రాసి ఉంది, చూడండి. స్కానింగ్ కాగితంలో ఉన్న 22 సెంటీమీటర్లు స్ప్లీన్ మొత్తం పొడవు, పక్కటెముకల వెనక దాక్కున్న భాగంతో కలిపి. 14 వేస్తే 1.33 వస్తుంది. 22 వేస్తే 1.76 వస్తుంది. నేనూ రెండూ వేసి చూశాను. మీ అన్నయ్యకి కూడిక వచ్చు, కాకపోతే వేరే కాగితం చూసి కూడాడు. ఈ ఒక్క పేరా ఆయనకి ఫొటో తీసి పంపండి, ఇవాళ నిద్రపోతాడు.

1.33 కూడా హైయే కదా అంటారు. నిజమే. అయితే అవే నాలుగు అంశాలతో, ఇమాటినిబ్ వాడిన రోగుల మీదే కట్టిన కొత్త స్కోర్ 2016లో వచ్చింది. దాన్ని ఈఎల్‌టీఎస్ అంటారు. సోకాల్ అప్పట్లో మనిషి ఎంతకాలం బతుకుతాడని అడిగింది. ఇది ఈ జబ్బు వల్లే చనిపోయే ప్రమాదం ఎంత అని మాత్రమే అడుగుతుంది. ఈ కాలానికి సరైన ప్రశ్న అదే. నడివయసుని ఇది సోకాల్ చూసినంత అనుమానంగా చూడదు, వయసు బాగా మీద పడ్డాకే ఎక్కువ మార్కులు వేస్తుంది. మీ నాన్నగారి నాలుగు అంకెలూ ఇందులో వేస్తే 2.03 వస్తుంది. 1.57 నుంచి 2.22 దాకా మధ్య రకం. అంటే ఒకే మనిషి, అవే నాలుగు కొలతలు, ఒక స్కోర్‌లో హై, ఇంకో స్కోర్‌లో మధ్యస్థం. యూరప్ నిపుణుల బృందం 2020 నుంచి ఈ రెండోదాన్నే వాడమంటోంది. మన దగ్గర ఫైళ్ళలో ఇంకా పాతదే ఎక్కువ కనిపిస్తుంది, అలవాటు మరి.

స్కోర్ల కంటే ముందు చూడాల్సింది జబ్బు ఏ దశలో దొరికిందన్నది. క్రానిక్ దశలో, అంటే జబ్బు ఇంకా నెమ్మదిగా సాగుతున్నప్పుడు, దొరకడానికీ, బ్లాస్టులు 20 శాతం దాటిన బ్లాస్ట్ దశలో దొరకడానికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. మీ నాన్నగారిది క్రానిక్ దశ. మూలుగ పరీక్షలో ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ తప్ప వేరే కొత్త మార్పులేవీ లేవని ఉంది. మొదటిరోజే ఇంకో క్రోమోజోమ్ తేడా కనిపించి ఉంటే, ముఖ్యంగా ఎనిమిదో నంబరుది ఒకటి ఎక్కువ ఉండటంలాంటివి, నేను ఈ జవాబు ఇంకో రకంగా రాసేవాణ్ణి.

ఇక 14 శాతం. మందు మొదలయ్యాక స్కోర్ల కంటే గట్టిగా మాట్లాడేది ఈ అంకె. మూడు నెలలకి 10 లోపు, ఆరు నెలలకి 1 లోపు, ఏడాదికి 0.1 లోపు రావాలన్నది కోరుకునే దారి. మూడు నెలలకి పది దాటితే ‘హెచ్చరిక’ అంటారు, మందు ఓడిపోయిందని అనరు. ఒకటి నుంచి మూడు నెలల్లో మళ్ళీ చేయించి చూడాలి. ఆరు నెలలకి కూడా పది దాటే ఉంటే, లేదా ఏడాదికి ఒకటి దాటి ఉంటే, అప్పుడు మందు మార్చడం గురించి గట్టిగా ఆలోచిస్తారు. ఈ పది గీత ఊరికే గీసింది కాదు. లండన్‌లోనే చేసిన ఇంకో పరిశీలనలో, మూడు నెలలకి దాదాపు పది లోపు వచ్చినవాళ్ళలో ఎనిమిదేళ్ళకి 93 శాతం మంది బతికి ఉన్నారు. పైన ఉన్నవాళ్ళలో 57 శాతం. దాచకుండా చెప్పమన్నారు కాబట్టి చెప్పాను.

కానీ మొదటి రిపోర్ట్ పక్కన పెట్టి చూడండి. అక్టోబర్‌లో 80 శాతం. ఎనభై సగమైతే నలభై, నలభై సగమైతే ఇరవై, ఇరవై సగమైతే పది. మీ నాన్నగారు ఇరవై దాటి పది వైపు సగం దారిలో, పద్నాలుగు దగ్గర ఉన్నారు. తొంభై రోజుల్లో రెండున్నర సార్లు సగమైంది, అంటే సగం అవడానికి దాదాపు 36 రోజులు పట్టింది. ఆస్ట్రేలియాలో 2014లో ఇదే విషయం చూశారు: మూడు నెలలకి పది దాటినవాళ్ళలో కూడా, 76 రోజుల లోపు సగమవుతూ వచ్చినవాళ్ళు మిగతావాళ్ళ కంటే చాలా బాగున్నారు. ఎనభైలాంటి పెద్ద అంకెల్లో ఈ పరీక్ష అంత కచ్చితంగా ఉండదు, కాబట్టి 36 అన్నది రాయి మీద చెక్కినట్టు తీసుకోకండి. అయినా, నెలకి ఏడు మాత్రలు ఎగ్గొట్టినా ఇంత దిగిందంటే మందు పనిచేస్తున్నట్టే నాకు కనిపిస్తోంది.

ఇది మీ డాక్టర్‌కి కూడా తెలియాలి. స్ట్రిప్పుల సంగతి దాచి 14 మాత్రమే చూపిస్తే, ‘అన్నీ సరిగ్గా వేసుకున్నా 14 ఉంది’ అనుకుని ఆయన జన్యువులో మ్యుటేషన్ పరీక్ష రాస్తారు, లేదా డాసాటినిబ్‌కో నిలోటినిబ్‌కో మారుస్తారు. వేసుకోని మందు పనిచేయలేదని తేల్చి ఇంకో ఖరీదైన మందుకి వెళ్ళడమన్నమాట. వాటి ఇబ్బందులు వాటికున్నాయి. డాసాటినిబ్‌తో కొందరికి ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరుతుంది. నిలోటినిబ్ షుగర్ పెంచుతుంది, గుండె, కాళ్ళ రక్తనాళాలు మూసుకుపోయే ప్రమాదం తెస్తుంది. పైగా తిన్నాక రెండు గంటలు ఆగి వేసుకుని, మళ్ళీ గంటదాకా ఏమీ తినకూడదు, అదీ రోజుకి రెండుసార్లు. ఒక్కపూట మాత్రకే ఇబ్బందిపడుతున్న షుగర్ మనిషికి ఆ టైంటేబుల్ ఎలా కుదురుతుందో మీరే ఆలోచించండి. ఆ రెండు స్ట్రిప్పులూ సంచిలో వేసుకుని వెళ్ళి డాక్టర్ టేబుల్ మీద పెట్టండి.

వాంతుల సంగతి నిజానికి చిన్నది. ఇమాటినిబ్ పరగడుపున వేసుకునే మందు కాదు. కడుపునిండా తిన్నాక, పెద్ద గ్లాసుడు నీళ్ళతో వేసుకోవాలి. ఎవరు చెప్పారో గానీ మన ఇళ్ళలో మంచి మందంటే పరగడుపునే అన్న నమ్మకం ఒకటి పాతుకుపోయింది. మధ్యాహ్నం కొట్టు మూసి అన్నం తిన్నాక వేసుకోమనండి. అది కుదరకపోతే రాత్రి భోజనం తర్వాత, పడుకోవడానికి గంటా రెండు గంటల ముందు. వాంతి అయిపోయిందని వెంటనే ఇంకో మాత్ర వేసుకోవద్దు, ఒకరోజు మర్చిపోయారని మర్నాడు రెండు వేసుకోవద్దు. మాత్ర టైము మార్చాక కూడా వాంతులు ఆగకపోతే డాక్టర్ దానికి వేరే మందు ఇస్తారు. కళ్ళ చుట్టూ ఉబ్బు, పిక్కలు పట్టేయడం కూడా ఈ మందుతో మామూలే. వాటికి భయపడి మానేసేవాళ్ళని చాలామందిని చూశాను, ముందే చెప్పి ఉంచండి.

కార్తీక సోమవారానికి నాకు అభ్యంతరం లేదు. ఆ ఉపవాసం ఎలాగూ సాయంత్రం నక్షత్రం చూసి భోంచేసేదే కదా. ఆ భోజనం అయ్యాక మాత్ర వేసుకుంటే శివుడికీ లోటు రాదు, మందుకీ రాదు. షుగర్ ఉంది కాబట్టి ఉపవాసం ఉండొచ్చా లేదా అన్నది వేరే సంగతి, అది షుగర్ డాక్టర్‌ని అడగండి.

పంపరపనస పండు ఇంట్లోకి తేకండి. ఇమాటినిబ్‌ని అరగదీసే లివర్ ఎంజైమ్‌ని అది అడ్డుకుంటుంది, దాంతో రక్తంలో మందు ఎక్కువైపోతుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ దీనికి తిరకాసు, అవి మందు బలాన్ని తగ్గించేస్తాయి. ఎవరో ఇచ్చిన ఆకుపసరు, పొడి ఏదైనా మొదలుపెట్టే ముందు డాక్టర్‌కి చూపించండి.

షుగర్ గురించి మీరు ఒక్క ముక్కే రాశారు. నా లెక్కలో అది సోకాల్ కంటే పెద్దది. జర్మనీలో ఇమాటినిబ్ రోగుల్ని చాలా ఏళ్ళు పరిశీలిస్తే, షుగర్, గుండెజబ్బులాంటివి ఉన్నవాళ్ళకి కూడా లుకేమియా తక్కినవాళ్ళకి లాగే అదుపులోకి వచ్చింది. ఆయుష్షు మాత్రం ఆ పక్క జబ్బులనుబట్టే తగ్గింది. మందు సరిగ్గా వాడేవాళ్ళలో ఇవాళ ఎక్కువమంది పోయేది లుకేమియాతో కాదు, తక్కినవాళ్ళు పోయే జబ్బులతోనే. కాబట్టి మూడు నెలలకోసారి బీసీఆర్-ఏబీఎల్ చేయించినట్టే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) కూడా చేయించండి. చుట్ట అలవాటుంటే దాని సంగతి కూడా చూడండి.

మీ అన్నయ్య అడిగిన 17పీ ఈ జబ్బుకి సంబంధించింది కాదు. అది క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియాలో చూసేది. పేర్లు కవలల్లా ఉంటాయి గానీ జబ్బులు వేరు. అందులో 17పీ, అంటే పదిహేడో క్రోమోజోమ్‌లో పొట్టి ముక్క పోయిందా, ఐజీహెచ్‌వీ జన్యువు ఏ రకం, బీటా-2 మైక్రోగ్లోబులిన్ ఎంత, స్టేజీ, వయసు అని అయిదు చూస్తారు. ఆ జబ్బులో చాలామందికి మొదట్లో మందే ఇవ్వరు, కనిపెట్టుకుని ఉంటారు. మీ నాన్నగారికి అలా కనిపెట్టుకుని కూర్చోవడం కుదరదు.

మన కంపెనీల మందు వాడుతున్నాం, అందుకే 14 వచ్చిందా అని కూడా మీకు అనుమానం ఉండి ఉంటుంది, చాలామంది అడుగుతారు. అలా అనుకోవడానికి కారణం లేదు. హైదరాబాద్ నాట్కో సహా మన కంపెనీలు ఈ మందుని ఇరవై ఏళ్ళుగా తయారుచేస్తున్నాయి. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు గ్లివెక్‌కి (అసలు కంపెనీ ఇమాటినిబ్‌ని అమ్మే పేరు అది) పేటెంట్ నిరాకరించాక ఆ దారికి అడ్డు లేకుండా పోయింది. మనవాళ్ళు వేలమంది వీటితోనే బాగున్నారు. డబ్బు ఇబ్బంది ఉంటే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని అడగండి. డబ్బుకి వెనకాడి మాత్రలు పొదుపు చేసేవాళ్ళూ ఉంటారు, మీ నాన్నగారు కొట్టు నడిపే మనిషి, ఆ లెక్క కూడా ఒకసారి విచారించండి.

ఎన్నాళ్ళుంటారు అన్నారు. ఇమాటినిబ్ మీద 2000లో మొదలైన పెద్ద పరీక్షలో రోగుల్ని దాదాపు పదకొండేళ్ళు చూశారు. ఆ మందుతో మొదలుపెట్టినవాళ్ళలో పదేళ్ళకి 83 శాతం మంది బతికే ఉన్నారు, అన్ని కారణాల చావులూ కలిపి చూసినా. పదేళ్ళ దగ్గర సోకాల్ ప్రకారం విడదీస్తే లో రిస్క్ వాళ్ళలో దాదాపు 90 శాతం, హై రిస్క్ వాళ్ళలో దాదాపు 69 శాతం. ఆ హై రిస్క్ గుంపులో మాత్రలు సరిగ్గా వేసుకున్నవాళ్ళూ ఉన్నారు, గల్లాపెట్టె వెనక దాచినవాళ్ళూ ఉండే ఉంటారు. మీ నాన్నగారు ఏ మూల ఉంటారన్నది అక్టోబర్‌లో తీసిన కొలత చెప్పలేదు. స్వీడన్ లెక్కల్లో ఈ మందులు వచ్చాక ఈ జబ్బున్నవాళ్ళ ఆయుష్షు మామూలు జనం ఆయుష్షుకి దగ్గరగా వచ్చేసింది. అంతకుమించి ఫలానా ఏడాది అని ఎవరైనా చెబితే వాళ్ళు జాతకాలు చెప్పేవాళ్ళయి ఉండాలి.

జీవితాంతం వేసుకోవాలా అని ఆయన అడుగుతారు, అడగకపోతే మనసులో అనుకుంటారు. కొన్నేళ్ళు మందు వాడి, బీసీఆర్-ఏబీఎల్ బాగా అడుక్కి దిగి రెండేళ్ళకు పైగా అక్కడే ఉంటే, డాక్టర్ చూస్తుండగా మందు ఆపి చూస్తారు. అలా ఆపినవాళ్ళలో ఇంచుమించు సగం మందికి మళ్ళీ అవసరం పడదు. అదొక్కటి చెప్పి చూడండి, కొట్టు లెక్కలు రాసే మనిషికి ఇది అర్థమవుతుంది: ఇప్పుడు ఎగ్గొట్టే మాత్రలన్నీ తర్వాత వడ్డీతో వేసుకోవాల్సి వస్తుంది.

పరీక్ష ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో చేయించండి, రిపోర్ట్‌లో అంకె పక్కన ‘ఐఎస్’ అని ఉందో లేదో చూసుకోండి. అది అంతర్జాతీయ కొలమానం గుర్తు, అది లేని అంకెని ఇంకో ల్యాబ్ అంకెతో పోల్చలేం. ఏప్రిల్ రిపోర్ట్ వచ్చాక మళ్ళీ రాయండి. దాంతో పాటు ఖాళీ స్ట్రిప్పులు ఎన్నయ్యాయో కూడా రాయండి. ఈసారి తొమ్మిదీ ఉండాలి.